తాలుకాయల కొంగ

దర్శి దగ్గర ఆ హైస్కూల్లో బొమ్మలంటే నాగజ్యోతే. పదో తరగతిదాకా ఆ మాటకు ఎదురు లేదు. నాన్న వీరాంజనేయులు కొనిచ్చిన ట్యాబ్ మీద గీసి, గీసిన బొమ్మల్ని కదిలించి చిన్న సినిమా చేసింది. ఒంగోలు ప్రదర్శనకు బడి నుంచి ఒక్క సినిమానే పంపుతారు. అది తనదేనని అప్పుడే ఊరంతా చెప్పుకుని తిరిగింది కూడా.

ఇంతలో స్తుతి ఊడిపడింది. వీళ్ల మిర్చి కల్లంలో కాయలు ఏరే అంకమ్మ కూతురు, నాగజ్యోతి క్లాసే. గీత తిన్నగా గీయడం రాదు. అలాంటి పిల్ల జయకుమారి టీచరు దగ్గర బడి ఫోను అడిగి తెచ్చి, కల్లంలో నిచ్చెనకు కట్టి, ఎర్రగా పరిచిన మిర్చి మీద తెల్లటి తాలుకాయలతో కొంగను పేర్చింది. రెక్క కాస్త జరపడం, ఒక ఫొటో. మళ్లీ జరపడం, ఇంకో ఫొటో. అన్నీ వరసగా తిప్పితే కొంగ ఎగురుతోంది! అదీ ఎందుకూ పనికిరావని ఏరి పారేసే తాలుకాయలతో!

నాగజ్యోతికి కళ్లు కుట్టాయి. పైకి "బాగుందే" అంది గానీ ఆ పూట అన్నం సయించలేదు. నిజంగానే బాగుంది మరి. అసలు బాధ అదే.

ఎండబోసిన కాయల్ని రోజూ కాళ్లతో తిరగెయ్యకపోతే అడుగున బూజు పడుతుంది. కొంగ ఉన్నచోట మాత్రం తొక్కొద్దని అంకమ్మ కూలోళ్లందరినీ బతిమాలుకుంది. సెలవురోజు మధ్యాహ్నం స్తుతి అన్నానికి వెళ్లడం చూసి నాగజ్యోతి కల్లంలోకి దిగింది. "మా కాయలు, మా కల్లం. బూజు పడితే ఎవరికంట నష్టం?" అని తనకు తనే నచ్చజెప్పుకుంటూ, కొంగ మీదుగా కాళ్లీడ్చుకుంటూ నడిచింది. మెడ తెగింది, రెక్కలు చెదిరాయి. సాయంత్రందాకా పాదాలు మండినా మనసు మాత్రం చల్లబడింది.

బడిలో సినిమాలు చూపించే రోజు నాగజ్యోతి సినిమాకు చప్పట్లు బాగానే పడ్డాయి. తర్వాత స్తుతిది. ఇంకేం మిగిలి ఉంటుందిలే అని నాగజ్యోతి కులాసాగా కూర్చుంది. తెరమీద కొంగ ఎగురుతోంది. ఉన్నట్టుండి పట్టీలు పెట్టుకున్న రెండు పాదాలు వచ్చి కొంగను ముక్కలు చేశాయి. నాగజ్యోతి గబుక్కున కాళ్లు బెంచీ కిందికి లాక్కుంది. చెదిరిన తాలుకాయలు మెల్లగా కదిలాయి. రెండేసి జతకట్టి, చిన్న చిన్న పిట్టలై, తెర దాటి ఎగిరిపోయాయి.

గదంతా ఈలలు, గోల.

"ఆ కాళ్లెవరివే?" అని టీచరు అడిగింది.

నాగజ్యోతి బెంచీ కిందే పట్టీలు విప్పబోయింది.

"మన నాగజ్యోతివేనండి. నేనే తొక్కమన్నా," అంది స్తుతి.

"అయితే ఒంగోలుకు ఇదే," అంది టీచరు.

వరండాలో నాగజ్యోతి స్తుతిని ఆపింది. "నువ్వు అన్నానికెళ్లావుగా? ఫొటోలెవరు తీశారు?"

"ఫోను దానంతటదే తీసుకునేట్టు పెట్టి ఎళ్లా. నీడ ఎట్టా జరిగిద్దో చూద్దామని."

"చూసి ఏడవలేదా?"

"బాగా ఏడ్చా. మళ్లీ చూస్తే, నీ కాళ్లు భలే పడ్డాయే."

వెటకారమేమోనని నాగజ్యోతి దాని మొహంలో వెతికింది. కనబడలేదు. తిట్టినా బాగుండేది. తన కుళ్లును కూడా ఈ పిల్ల సినిమాలో పెట్టేసుకుంది. ఆ ఆలోచన తనకు రాలేదే అని మళ్లీ కడుపు మండింది. తప్పయిపోయిందని చెబుదామని నోరు తెరిచింది.

"ఆ పిట్టల్ని ఎట్టా ఎగరేశావే?" అంది.