మంచం పక్క స్విచ్చి

నా పనికి వంక పెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఇరవై ఏళ్ళుగా కరెంటు పని చేస్తున్నాను, ఒక్కరూ నన్ను వెనక్కి పిలిచి తిట్టింది లేదు. అందుకే ఆ ఇంటాయన ఫోనులో, "నువ్వు స్విచ్చి పెట్టిన కాలింగ్ బెల్లు మోగకే మా అమ్మ పోయింది" అన్నప్పుడు సంచీ భుజాన వేసుకుని మండిపడుతూ వెళ్ళాను.

వాళ్ళ వంటింట్లో ఒక బెల్లు, వీధి గుమ్మం దగ్గర దాని స్విచ్చి. పది రోజుల కింద అదే బెల్లుకు ముసలమ్మ మంచం పక్కన ఇంకో స్విచ్చి బిగించాను. ఆమెకు తుంటి విరిగింది, గట్టిగా పిలవడానికి గొంతు లేవదు. నొక్కితే కోడలు వస్తుందని ఏర్పాటు. నాలుగు రోజుల కింద, మధ్యాహ్నం, ఆమెకు ఊపిరాడలేదు. ఎవరూ రాలేదు. సాయంత్రం చూసేసరికి ఆమె వేలు స్విచ్చి మీదే ఉందట.

"ఇక్కణ్ణుంచే మొదలెట్టు" అంటూ ఆయన నా నెత్తి మీదే నిలబడ్డాడు. ఇంతలో ఎవరో పరామర్శకు వస్తే బయటికి వెళ్ళాడు.

మంచం పక్క స్విచ్చి విప్పాను. ఒక తీగ ఊడిపోయి వేలాడుతోంది. ఎవరూ లాగలేదు, మరను నేనే సరిగ్గా బిగించలేదు. ఆ రోజు ఇంకో ఇంటివాళ్ళు ఫోను మీద ఫోను చేస్తుంటే సగం తిప్పి వదిలేశాను. నొక్కితే మోగింది, "బాగా మోగింది నాయనా" అని ముసలమ్మ నవ్వింది, నేను వెళ్ళిపోయాను. ఇప్పుడు గుమ్మం వైపు ఓ చూపు చూసి, తీగ లోపలికి దూర్చి బిగించేశాను. సిగ్గులేని చేతులు, ఎంత చురుగ్గా పని చేశాయో.

నొక్కాను. మోగలేదు. వీధి గుమ్మం దగ్గరా నొక్కాను. అక్కడా మోగలేదు. హమ్మయ్య అనుకున్నాను. అవును, హమ్మయ్యే. తప్పు ఇంకెక్కడో ఉంది, నాది కాదు.

వంటింట్లో స్టూలెక్కి బెల్లు మూత తీశాను. అక్కడ ఒక తీగను ఎవరో మర విప్పి, శుభ్రంగా పక్కకు వంచి పెట్టారు.

"అది నేనే తీశానన్నా," అంది పొయ్యి దగ్గర నిలబడ్డ కోడలు, గొంతు తగ్గించి. "నాలుగు రాత్రులు కంటి మీద కునుకు లేదు. ఒక్క గంట పడుకుందామని ఆ మధ్యాహ్నం తీశా. ఒళ్ళు తెలీకుండా నిద్రపోయా. ఈయనకి చెప్పలేదు."

"ఆ రోజు పొద్దున మోగిందా?"

"వీధిలోంచి పాలాయన కొడితే మోగింది. అత్తయ్య మాత్రం గ్లాసుతో మంచాన్ని కొట్టి పిలిచింది. బెల్లుంది కదా, నొక్కొచ్చు కదా అని కసిరా. నొక్కుతున్నా, మోగట్లేదమ్మా అంది. వేళ్ళలో బలం లేదనుకున్నా. ఆ తర్వాత మళ్ళీ పిలవలేదు. అలిగిందనుకున్నా."

అలగలేదు. పొద్దుటి నుంచీ నొక్కుతూనే ఉండి ఉంటుంది. నా తీగ అప్పటికే ఊడింది. ఈ పిల్ల వంటింట్లో ఏమీ ముట్టుకోకపోయినా ఆ మధ్యాహ్నం బెల్లు మోగేది కాదు. ఆ ఒక్క ముక్క చెబితే ఆమె గుండె మీద బరువు దిగిపోతుంది. చెప్పాలంటే నా సంగతీ చెప్పాలి. మాట నోటిదాకా వచ్చింది.

"ఎక్కడుందయ్యా తేడా?" ఆయన గుమ్మంలోకి వచ్చాడు. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బెల్లే పాతబడింది సార్. లోపల కాలిపోయింది. ఎవరి తప్పూ లేదు," అన్నాను. "కొత్తది పెట్టేస్తా."

ఆయన "నిన్ను తొందరపడి అన్నా. మనసులో పెట్టుకోకు" అని ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

కొత్త బెల్లు బిగించి రెండు స్విచ్చులూ నొక్కి చూశాను. రెండూ మోగాయి. మోగిన ప్రతిసారీ ఆమె ఉలిక్కిపడింది.

నేను చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చింది. "నా కాపురం నిలబెట్టావన్నా. నేను చేసింది కడుపులో దాచుకున్నావు. ఆవిణ్ణి చంపుకున్న పాపం నేనే మోస్తా. నీ మేలు మాత్రం మర్చిపోను."

"పర్లేదులే చెల్లెమ్మా," అన్నాను.