లాగించెయ్ బావా

శ్రీకాంత్ పోయిన రోజు నేను మొదట చదివిన వార్త, "పెను ప్రమాదం తప్పింది." బందరులో మా స్కూలు స్టాఫ్‌రూమ్‌లో సరోజ టీచరు తన ఫోన్ నా చేతికిచ్చింది. తెర కింద అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. పెను ప్రమాదం తప్పింది. ప్రయాణికులంతా క్షేమం. పైలట్ మృతి. నేను తెలుగు చెబుతాను. మొదటి వాక్యానికీ చివరిదానికీ పొత్తు కుదరలేదని ఆ క్షణంలో కూడా నాకు తోచింది. అలా తోచినందుకు నా మీద నాకే ఏవగింపు కలిగింది.

వానలో తడిసిన రన్‌వే మీద విమానం ఆగకుండా జారి, చివర ఉన్న కాలువ గట్టుకు ముక్కుతో గుద్దుకుంది. వెనక కూర్చున్నవాళ్లు దిగి నడిచి వెళ్లారు. కో-పైలట్ అమ్మాయి కాళ్లు విరిగి బతికింది. నా భర్త బతకలేదు.

ఆ రోజు నిజానికి అతనికి సెలవు. ఎయిర్‌ఫోర్స్‌లో సరుకుల విమానాలు నడిపి, ముందుగా రిటైరై, ఒక చిన్న ప్రైవేటు విమానాల కంపెనీలో చేరాడు. గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర కనుక బందరులోనే ఉండొచ్చని సంతోషపడ్డాం. ఆ వారం అన్నీ తెల్లవారుజాము విమానాలే. తరవాత జ్వరం వచ్చింది. రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు. ముక్కు పట్టేసినప్పుడు విమానం కిందకు దిగుతుంటే చెవిలో సూదులు దింపినట్టు ఉంటుందనీ, అలాంటప్పుడు ఎక్కకూడదనీ అతనే నాకు చెప్పాడు. పొద్దున మిరియాల పాలు తాగుతుండగా ఫోన్ వచ్చింది. పెరట్లోకి వెళ్లి మాట్లాడాడు. నాకు అతని మాటలు మాత్రమే వినిపించాయి.

"లేదు, ఇంకా తగ్గలా." అవతలి మాట విన్నాడు. తరవాత చిన్నగా నవ్వాడు. "సరే. లాగించేస్తాలే బావా."

లోపలికొచ్చి యూనిఫాం వేసుకున్నాడు. ఎవరని అడిగాను. "బావ" అన్నాడు, సాక్సు తొడుక్కుంటూ. మా జిల్లాలో అది జవాబు కాదు. పామర్రులో టైర్ల షాపతను అతనికి బావ. మంగినపూడిలో రొయ్యలు తెచ్చిచ్చే ఆయన బావ. కలిసి చదివినవాళ్లలో సగం మంది, ఎయిర్‌ఫోర్స్‌లో కలిసి ఎగిరిన తెలుగువాళ్లలో చాలామంది బావలే. నాకు స్కూలుకు టైమవుతోంది. అంతకంటే అడగలేదు.

పెదకర్మ గుడివాడలో చేశారు. మా మావయ్యగారు నాగేశ్వరరావుగారు ఊరంతా ఎరిగిన మనిషి కనుక కల్యాణమండపం నిండిపోయింది. భోజనాల దగ్గర నువ్వు కూర్చోకూడదని అత్తగారి చెల్లెలు అచ్చమ్మగారు నాతో నెమ్మదిగా అన్నారు. అయినా కూర్చున్నాను. శ్రీకాంత్‌తో ఎగిరినవాళ్లు అక్కడ అతని గురించి మాట్లాడుతున్నారు. ఆ మాటలు వినాలనిపించింది. ఇంకెక్కడా వినలేను కదా.

వాళ్లలో ముఖ్యులు ఇద్దరు. రాజబాబు గుడివాడ మనిషే. ఎయిర్‌ఫోర్స్‌లో శ్రీకాంత్‌కు సీనియర్, ఇప్పుడు అదే కంపెనీలో పైలట్లందరికీ పై అధికారి. ఎవరు ఏ రోజు ఎగరాలో ఆయనే చూస్తాడు. రెండో ఆయన శోభనాద్రి, అవనిగడ్డ వైపు. ఎయిర్‌ఫోర్స్‌లో వాళ్ల దళంలోనే ఉండి, తరవాత ఇంకో పెద్ద ఎయిర్‌లైన్‌లో కెప్టెన్ అయ్యాడు. శ్రీకాంత్‌ను బావా అని పిలిచే రాజబాబుకు నేను చెల్లెమ్మను. అన్నయ్యా అని పిలిచే శోభనాద్రికి వదినను. ఈ వరసలు మేమెవరం పెట్టుకున్నవి కావు. పిలుపుతోపాటు అవే వచ్చి పడతాయి.

మొదట్లో బాగానే ఉంది. కొండల మీద జవాన్లకు మేకలను విమానంలో తీసుకెళ్లిన సంగతి రాజబాబు చెప్పాడు. ఒక మేక తాడు తెంపుకుని కాక్‌పిట్‌లోకి వచ్చి, ఇద్దరి మధ్యా నిలబడి అద్దంలోంచి చూస్తోందట. శ్రీకాంత్ వెనక్కి తిరిగి, "కూర్చోండి సార్, బెల్టు పెట్టుకోండి" అన్నాడట. విమానం దిగాక ఆ వాసన వారం పోలేదట. అతని గొంతు నాకు వినిపించినట్టే అయింది. శోభనాద్రి ప్రయాణికుల గురించి చెప్పాడు. గన్నవరంలో దిగబోతుండగా ఒక పెద్దాయన బెల్లు నొక్కి, ఎయిర్‌హోస్టెస్‌ను పామర్రు బస్సు ఎక్కడాగుతుందో కెప్టెన్‌ను కనుక్కు రమ్మన్నాడట. కెప్టెన్‌గారూ ఆ ఊరి వైపు వారే కనుక మైకులో చెప్పేశారట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తరవాత కథల రంగు మారింది. ఒకరిని మించి ఒకరు. చమురు మీటరు పని చెయ్యకపోయినా ఎక్కినవాడు, మూడు రోజులుగా సరిగ్గా పడుకోనివాడు, రన్‌వే కనబడకపోయినా ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ కిందకు దిగినవాడు. ప్రతి కథా ఒకే మాటతో ముగుస్తోంది. లాగించేశాం.

ఆ మాట మాకు రెండు పనులకు పనికొస్తుంది. కడుపు నిండా తినడాన్ని లాగించడం అంటాం. కుదరని పనిని ఎలాగోలా అయిందనిపించడాన్ని కూడా లాగించడమే అంటాం. వడ్డించేవాళ్లు బూరెలు తెచ్చినప్పుడు రాజబాబు పక్కవాళ్ల విస్తళ్లలో వేయించి, "లాగించండి, మొహమాటం లేదు" అన్నాడు. బూరెకు చిల్లు పెట్టి నెయ్యి పోయించుకున్నాడు. నెయ్యి మణికట్టు దాకా కారింది. అదే చేతిని గాల్లో విమానంలా వంచి ఇంకో కథ మొదలుపెట్టాడు.

కొండల మధ్య మబ్బు మూసుకుపోయిందట. రూలు ప్రకారం వెనక్కి తిరగాలి. కింద జవాన్లకు కిరోసిన్ అయిపోయింది. శ్రీకాంత్ వెనక్కి వెళ్దామంటే, తాను పక్క సీట్లోంచి ఒకే ఒక్క మాట అన్నాడట.

"లాగించెయ్ బావా, అన్నా. అంతే. లాగించేశాడు. వాడికి ఆ మాట చాలండీ. బావా అని అడిగితే కాదనడం వాడికి చాతకాదు. మొన్నకి మొన్న కూడా..."

అక్కడ ఆగాడు. బూరె నోట్లో పెట్టుకున్నాడు. శోభనాద్రి తల వంచి విస్తరిలో అన్నం కలపడం మొదలుపెట్టాడు. అందులో కలపడానికి ఇంకేమీ మిగల్లేదు.

చేతులు కడుక్కున్నాక రాజబాబు నన్ను పక్కకు పిలిచాడు. మనిషి దగ్గర నెయ్యి వాసన, దాని మీద ఖరీదైన సెంటు వాసన. విచారణ అధికారులు ఇంటికి వస్తారని చెప్పాడు. ప్రమాదానికి ముందు పైలట్ ఎలా నిద్రపోయాడో, ఒంట్లో ఎలా ఉందో ఇంట్లోవాళ్లను అడగడం వాళ్ల పద్ధతట.

"బాగా పడుకున్నాడు, బాగానే ఉన్నాడు అని చెప్పు చెల్లెమ్మా. అంతకంటే ఏం వద్దు."

"జ్వరం ఉందండీ."

"అదే చెప్పకూడదమ్మా. చెబితే తప్పంతా బావ మీద పడుద్ది. జబ్బు దాచిపెట్టి ఎక్కాడంటారు. పోయినవాడి పేరు కూడా పోద్ది."

"ఆ రోజు పొద్దున ఫోన్ చేసింది మీరేనా?"

రుమాలు తీసి వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "మనుషులు తక్కువయ్యారు. అడిగాను."

"జ్వరమని మీతో చెప్పాడా?"

"చెప్పాడు. నేనేం బలవంతం చెయ్యలేదమ్మా. బావా అన్నాను. అంతే."

ఎయిర్‌ఫోర్స్ గురించి శ్రీకాంత్ నాకు చెప్పినవాటిలో ఒకటి గుర్తొచ్చింది. అక్కడ ప్రతి ఆర్డరు మీదా వెళ్లమన్నవాడి పేరు ఉంటుంది. ఆ వెళ్లమనడం తప్పయితే ఆ పేరుగలవాడు వచ్చి నిలబడి జవాబు చెప్పాలి. రాజబాబు అక్కడినుంచి వచ్చినవాడే. ఇక్కడ మాత్రం ఆర్డరు ఇవ్వలేదు. బావా అన్నాడు. ఆ మాటకు ఎవరూ ఎక్కడా జవాబు చెప్పక్కర్లేదు. నా తల మీద చెయ్యి పెట్టబోయాడు. నేను వెనక్కి జరిగాను. ఇంటికెళ్లి తలస్నానం చేశాను, అతని చెయ్యి తగలకపోయినా.

విచారణవాళ్లు రాకముందు ఒక ఆదివారం బస్సెక్కి అవనిగడ్డ వెళ్లాను. శోభనాద్రి సెలవులో వాళ్లమ్మగారింట్లో ఉన్నాడు. కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చాడు. వచ్చిన పని చెప్పాను. మండపంలో రాజబాబు నోరుజారిన మాట తనూ విన్నాడు. అదే విచారణలో చెబితే చాలు. నా ఒక్కదాని మాట భార్య మాటే అవుతుంది.

ఆయన కింద పడ్డ బొండం చెక్కలు కాలితో పక్కకు నెట్టాడు.

"విన్నాను వదినా. వినలేదని నీ దగ్గర అనను. కానీ అక్కడికొచ్చి చెప్పమనకు. ఈ ఫీల్డు చాలా చిన్నది. రేపు అతనే మా కంపెనీలో నా పైకి రావచ్చు."

ఆయనే మళ్లీ అన్నాడు. "అయినా మేమంతా లాగించినవాళ్లమే. ఒకటి బయటపెడితే ఎక్కడ ఆగుద్ది?"

బొండం సగం తాగి అక్కడే పెట్టి వచ్చేశాను. మండపంలో విన్న కథలన్నీ క్షేమంగా దిగినవాళ్లు చెప్పినవేనని బస్సులో కూర్చున్నాక గాని నాకు తట్టలేదు.

విచారణ అధికారి ఢిల్లీ నుంచి వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్థుడు. తెలుగు తెలిసిన ఒక ఉద్యోగిని వెంట తెచ్చుకున్నాడు. నాకు ఇంగ్లీషు వచ్చు. కాని విన్న మాట విన్నట్టే చెప్పాలని తెలుగులోనే చెప్పాను. జ్వరం చెప్పాను, దగ్గు చెప్పాను. "సరే. లాగించేస్తాలే బావా" అన్నది ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను. ఆ బావ ఎవరో, గుడివాడలో ఆయన నాతో ఏమన్నాడో కూడా చెప్పాను. ఆ సంగతి రాజబాబునే అడుగుతామన్నారు. నేను చెప్పింది తెలుగులో నాకు చదివి వినిపించారు. బావ అని చెప్పాను, బావ అనే విన్నాను. సంతకం పెట్టాను.

కొన్నాళ్లకు నా వాంగ్మూలం కాపీ వచ్చింది. అందులో ఉన్నది దాని ఇంగ్లీషు అనువాదం. విమానం నడపడానికి బయల్దేరే ముందు కెప్టెన్ తన బ్రదర్-ఇన్-లాతో ఫోన్‌లో మాట్లాడాడనీ, జ్వరం తగ్గకపోయినా మేనేజ్ చేసుకుంటానని నవ్వుతూ అతనికి చెప్పాడనీ రాసి ఉంది. అంటే అది ఇంట్లోవాళ్ల పలకరింపు. కంపెనీకి సంబంధం లేదు. రాజబాబును అడిగారట. బావ కదా అని ఒంట్లో ఎలా ఉందో కనుక్కోవడానికే ఫోన్ చేశానన్నాడట. గుడివాడలో నాతో అన్నది విన్న మనిషి ఇంకెవరూ లేరు కనుక అది లెక్కలోకి రాలేదు.

అది రాసినవాడు దుర్మార్గుడని నేను అనుకోవడం లేదు. నిఘంటువు తెరిచినా బావ అన్నచోట అదే ఉంటుంది. క్లాసులో నేనూ బంధువాచకాల పాఠంలో అదే చెప్పాను. పరాయివాడిని కూడా అలా పిలుస్తామని మేము వేరే చెప్పుకోం, అందరికీ తెలుసు కనుక.

తరవాత జిల్లా పేపర్లో వచ్చింది, అనారోగ్యం దాచి విమానం నడిపిన పైలట్ అని. మావయ్యగారు ఆ రోజు పేపరు మడిచి నా వైపు చూశారు. నేను నిజం చెప్పాననీ, తప్పు చెప్పలేదనీ ఆయనకు తెలుసు. అయినా ఆ చూపు నేను మరిచిపోలేదు. పేపరు వేయవద్దని మర్నాడు ఆయనే చెప్పారు. రాజబాబు ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. "నేను చెప్పానా లేదా చెల్లెమ్మా" అన్నాడు. ఆ పిలుపు విని ఫోన్ పెట్టేశాను. తరవాత నోరు పుక్కిలించుకున్నాను, మాట్లాడింది అతనైనా.

నాకు అన్నదమ్ములు లేరు. శ్రీకాంత్‌కు అక్కచెల్లెళ్లు లేరు. ఆ కాగితంలో మాత్రం అతనికి బావ, నాకు అన్న ఉన్నారు. ఆ మాట మా జిల్లాలో ఎవరిని ఉద్దేశించి అంటారో వివరంగా రాసి, దిద్దమని విచారణ కార్యాలయానికి పంపాను. మీరు సంతకం పెట్టారు కదా అని జవాబు వచ్చింది. మళ్లీ రాశాను.

ఇంతవరకు ఆ మాట దిద్దలేదు.