నడుమెత్తు కిటికీ

ఆ పొద్దున మలోటి కొండల మీద మబ్బు దిగి కూర్చుంది. కురవదు, కదలదు. డెబ్బై దాటిన రమొహోలి దుప్పటి బిగించి కప్పుకుని ఊళ్ళోకి నడిచాడు. పాత పోలీసు ఠాణాను మ్యూజియం చేస్తున్నారు. దాన్ని కట్టిన మేస్త్రి సెకాకే పేరు గోడలో రాతిపలక మీద చెక్కుతారట. సెకాకే అతని తండ్రి.

ఆ పేరు పక్కన ఇంకో మాట కూడా చెక్కించాలని బయల్దేరాడు: దొర ఆజ్ఞ మేరకు.

ఠాణా అంతా ఇసుకరాయి. కత్తిమొన దూరనంత సన్నని అతుకులు. పైన రేకుల కప్పు. ముందుగోడలో ఫిర్యాదు చెప్పుకునే కిటికీ మాత్రం మనిషి నడుమెత్తులో ఉంది. లోపల కుర్చీలో కూర్చున్న తెల్లదొర మెడ ఎత్తనక్కర్లేదు. ఆవు పోయినవాడైనా, బిడ్డ తప్పిపోయిన తల్లైనా వంగి మొరపెట్టుకోవాల్సిందే. ముప్పై ఏళ్ళు ఊరంతా వంగింది. అందుకే రమొహోలి ఇంటిని ఇప్పటికీ 'వంగుడు మేస్త్రి ఇల్లు' అంటారు.

"రా మామా, రా! వంగక్కర్లేదులే, తలుపు తీసే ఉంది," అన్నాడు అతుకులకు సున్నం పెడుతున్న మొహాపి.

"నోర్ముయ్యరా. దొర చెప్పింది మా నాన్న కట్టాడు. కాదంటే లోపలేసేవాళ్ళు. దొర ఆజ్ఞ అని పలక మీద చెక్కించాలి."

మ్యూజియం పని చూస్తున్న లిమకట్సో ఆ మాట విని సంబరపడింది. "అట్లాగైతే తప్పకుండా రాద్దాం తాతా. అప్పటి నక్షా దొరికింది, చూద్దురుగాని."

కాగితం బల్లమీద పరిచింది. ఆమె వేలు కిటికీ దగ్గర ఆగింది. కొలత మళ్ళీ చదువుకుంది.

"ఏమైందమ్మా?"

"నాలుగడుగులని ఉంది తాతా. ఛాతీ ఎత్తు. కట్టింది మూడే." గొంతు తగ్గించింది. "నోటిమాటగా దించమని చెప్పి ఉంటారులెండి. అట్లా జరుగుతూనే ఉంటుంది."

మొహాపి ఎగతాళి మానేసి మళ్ళీ సున్నం అందుకున్నాడు.

ఆ గీతలు చూస్తుంటే రమొహోలికి ఇంట్లో కుర్చీ గుర్తొచ్చింది. అతని చిన్నప్పుడు పన్ను వసూలుకు దొర వచ్చేవాడు. ఆయన గుర్రం దిగకముందే నాన్న ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేసేవాడు. కప్పుకున్న దుప్పటితోనే దాని దుమ్ము తుడిచేవాడు. తెమ్మని ఎవరూ అడగలేదు.

"మరి ఏం రాయమంటారు తాతా?"

"పేరు రాయి."

"ఆజ్ఞ అని?"

"వద్దు. పేరొక్కటే."

మధ్యాహ్నం పనివాళ్ళు మొక్కజొన్న ముద్ద, ఆకుకూర తెచ్చి ఒకే పళ్ళెంలో పెట్టుకున్నారు. మొహాపి కాస్త జరిగి చోటిచ్చాడు. రమొహోలి కూర్చున్నాడు. లిమకట్సో కూడా వచ్చి కూర్చుంది. అందరూ తిన్నారు.