ఇంటూ గుర్తు సీట్లు

తెల్లవారుజామున అయిదింటి బస్సు ఎత్తేస్తారని వినగానే కండక్టరమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ బస్సు లేకపోతే ఆసుపత్రి ఊడ్చే ఆడవాళ్ళు ఏడు కిలోమీటర్లు కాళ్ళీడ్చుకుంటూ నడవాలి, లేదా పని మానుకోవాలి. మహమ్మారి రోజుల్లో ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చుంటే వాళ్ళను మోసింది ఈ బస్సొక్కటే. అప్పుడు వాళ్ళకు చప్పట్లు కొట్టిన పెద్దమనుషులే ఇప్పుడు సొంత కార్లకు అలవాటుపడి, బస్సులు ఖాళీగా తిరుగుతున్నాయంటున్నారు.

లెక్క తేల్చడానికి ఆఫీసు నుంచి సర్వే ఆయన వచ్చాడు. ముందు సీట్లో కూర్చుని, కూర్చున్న ఆడవాళ్ళను మాత్రం లెక్కపెట్టి పదిహేడు అని రాసుకున్నాడు. నిలబడ్డవాళ్ళకు ఆయన ఫారంలో గడే లేదు.

తప్పంతా ఆయనదీ కాదు. దూరదూరంగా కూర్చోవాలని అప్పట్లో సీటు విడిచి సీటుకు ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు వేశారు. దగ్గరుండి వేయించింది కండక్టరమ్మే, పొరపాటున కూర్చున్నవాళ్ళను కసిరి లేపిందీ ఆమే. రోగం పోయి రెండేళ్ళయినా ఆ గుర్తులూ పోలేదు, ఆడవాళ్ళ భయమూ పోలేదు. ఖాళీ సీటు పక్కనే కమ్మీ పట్టుకుని వేలాడతారు తప్ప కూర్చోరు. ఇన్నాళ్ళూ చూస్తూ ఊరుకున్నందుకు ఆమెకు తన మీద తనకే సిగ్గేసింది.

ఈల ఊదింది. డ్రైవరు బస్సును పక్కకు తీసి ఆపాడు.

"ఆ గుర్తులు వేయించింది నేనే. ఇప్పుడు చెబుతున్నదీ నేనే. అందరూ కూర్చోండి."

ఎవరూ కదల్లేదు. అందరూ పెద్దత్త అని పిలిచే ముసలావిడ, ఫైను వేస్తారేమోనమ్మా అని నసిగింది.

"వేస్తే నా మీద వెయ్యమను, అత్తా."

పెద్దత్త కొంగుతో సీటు దులిపి, ఎర్ర గుర్తు మీద దర్జాగా చతికిలబడింది. అంతే, మిగతావాళ్ళు బిలబిలమంటూ కూర్చున్నారు. సీట్లన్నీ నిండాక ఇంకా ఆరుగురు నిలబడే ఉన్నారు.

ఫారం నింపేశాను, కొట్టివేతలుంటే పైవాళ్ళు ఒప్పుకోరని సర్వే ఆయన గొణిగాడు. కండక్టరమ్మ ఈలను జేబులో వేసుకుని, ఆయన ముందు తాపీగా నిలబడింది.

"మీరు సరిగ్గా రాసేదాకా ఈ బస్సు కదలదు."

ఆయన డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. వెనక నుంచి పెద్దత్త నింపాదిగా అంది: "మేం వెళ్ళందే అక్కడ వార్డుల తలుపులు తెరుచుకోవు. రాయి నాయనా."

ఆయన పదిహేడు మీద పెద్ద ఇంటూ గుర్తు పెట్టి, పక్కన నలభై ఒకటి అని రాశాడు. కండక్టరమ్మ వంగి ఆ అంకె చూసుకున్నాకే ఈల ఊదింది.