నేలకు ఆనని మడమలు

2023 ఆగస్టు 14 సాయంత్రం మేం సంగటి, ఊరిబిండి పచ్చడి తిన్నాం. నా భార్య సుష్మ చేతి ఆఖరి వంట అది. తిన్నాక ఆమె పాపను చాప మీద పడుకోబెట్టి, రోజూలాగే మడమను గుప్పిట పట్టుకుని, పాదాన్ని మోకాలి వైపు వంచి ముప్పై దాకా లెక్కపెట్టింది. పాప ఏడ్చింది.

"ఏడిస్తే ఏడు గానీ, కాలు లాక్కోవాకు," అంది సుష్మ.

మర్నాడు సుష్మకు జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజుకు ఆమె లేదు.

మా చంద్రికకు అప్పుడు ఆరేళ్లు. చిన్నప్పటి నుంచీ కాళ్ల కండరాలు బిగుసుకునే ఉంటాయి. జన్యులోపమని, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి కలిశాయని బెంగళూరు రిపోర్టులో రాశారు. సుష్మ మా అక్క రత్నమ్మ కూతురే. సదుం హైస్కూల్లో పదో తరగతికి అనువంశికత పాఠం చెప్పేది నేను. ఆ పాఠం వచ్చిన వారమంతా బోర్డు వైపే తిరిగి ఉంటాను.

సుష్మ పోయాక కాళ్లు సాగదీయడం నా పనైంది. మొదట్లో ముప్పై దాకా పట్టేవాణ్ణి. తర్వాత ఇరవై. "సాలు నాయినా" అని పిల్ల అంటే వదిలేసేవాణ్ణి. తల్లి పోయిన పిల్లను రోజుకు రెండుసార్లు ఏడిపించడమెందుకు అనుకున్నాను. కొన్నాళ్లకు పాదాలకు కొబ్బరినూనె రాసి కథ చెప్పడమే మిగిలింది. తను నా మెడ పట్టుకుని నిద్రపోయేది. పుంగనూరులో ఆ రెండు గదుల ఇంట్లో నాకు మిగిలిన సుఖం అదొక్కటే.

ఈ వేసవిలో, ఎనిమిదో ఏట, పిల్ల పొడవైంది. గౌన్లు పొట్టివయ్యాయి. సంతోషించాను. మడమ లేవకుండా మదనపల్లెలో చేయించిన ప్లాస్టిక్ పట్టీలు కాలికి పట్టకపోతే అదీ ఎదుగుదలే అనుకున్నాను. మునివేళ్ల మీద నడుస్తుంటే మడమలు నేలకు ఆనడం లేదని కనబడుతూనే ఉంది. ఆ చూపును పక్కకు తిప్పుకోవడం అలవాటైంది.

పోయిన సోమవారం కుప్పం ఆస్పత్రికి తీసుకెళ్లాను. బస్సు దిగేటప్పుడు, పిల్ల రెండు కాళ్లూ నేల మీద నిలిచేదాకా కండక్టర్ విజిల్ వేయలేదు. రామకుప్పం నుంచి వచ్చిన అక్క అప్పటికే గేటు దగ్గర ఉంది.

ఫిజియోథెరపిస్టు రాజగోపాల్ చంద్రిక పాదాన్ని పైకి వంచబోయాడు. రాలేదు. స్కేలు పెట్టి ఒకసారి కొలిచి, నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు.

"రోజూ చేస్తాండారా సార్?"

నేను నోరు తెరిచేలోపే చంద్రిక అందుకుంది. "మా నాయిన రెండు పూటలా చేస్తాడు సార్. ముప్పై దాకా. నేనే ఏడుస్తా."

ఆయన స్కేలు పక్కన పెట్టాడు. "రోజూ చేసినా ఇట్ట బిగుసుకుందంటే జబ్బే ముదురుతాండాదని అర్థం. పెద్ద డాక్టరు ఆపరేషన్ అంటాడు. మడమ ఎనక నరాన్ని కోసి పొడుగు చెయ్యాల."

చంద్రిక నా చెయ్యి పట్టుకుంది.

"అబద్ధం సార్," అన్నాను. "నేను చెయ్యలేదు. ఏడాదిన్నరగా."

"యాల?" అంది అక్క.

"ఏడుస్తాంటే సూడలేక."

"నా కూతురు కనికరం లేకనా చేసింది?"

గొంతు పెంచలేదు. పిల్ల జడ సర్దుతూనే అంది.

"ఎముక దాని పాటికి అది పెరుగుతాది సార్," అన్నాడు రాజగోపాల్. "పిక్క కండ సాగదు. మనం సాగదీస్తేనే. వచ్చే సోమవారం నుంచి పిండికట్లు వేస్తాం, వారం వారం మార్చి. ఆరు వారాలకు మడమ దిగితే ఆపరేషన్ తప్పుతాది. దిగకుంటే తప్పదు. కట్లు వేసేంతవరకూ రెండు పూటలా ముప్పై."

"మునుపటి మాదిరి నడుస్తాదా?" అని అడిగాను.

"ఆ మాట నేను చెప్పలేను."

కార్డు మీద 'వ్యాయామం సరిగా జరగలేదు' అని మాత్రం రాశాడు. ఎవరి వల్లో రాయలేదు.

ఆ సాయంత్రం అక్క మాతోనే పుంగనూరు వచ్చింది. అన్నాలయ్యాక చాప పరిచాను. చంద్రిక నవ్వుతూ కాళ్లు చాపింది.

"నూనె యాడ నాయినా?"

మడమను గుప్పిట పట్టి పాదం వంచాను. పిక్క రాయిలా ఎదురు తిరిగింది. ఐదు లెక్కపెట్టేసరికి నవ్వు పోయింది. పదికి "సాలు" అంది. పదిహేనుకు అరిచింది. వదల్లేదు.

"నీ మీద సార్‌తో చెప్పలేదు గదా నాయినా," అంది ఏడుస్తూ. "చెప్పలేదు గదా."

ఇరవై రెండు. ఇరవై మూడు. అంకె తప్పలేదు. ముప్పై అయ్యాక రెండో కాలు పట్టుకున్నాను.

అయిపోయాక కళ్లు తుడవబోతే మొహం గోడ వైపు తిప్పుకుంది. "అవ్వ దగ్గర పండుకుంటా," అంది.

అక్క పిల్లను ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్లింది. చాప దగ్గరే కూర్చుండిపోయిన నన్ను ఒకసారి చూసి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.