జమ్ముకొంగ నిలబడిన చోటు

కాంట్రాక్టరు మనుషులు పడమటి జమ్ముకు నిప్పు పెట్టినప్పుడు మేమంతా గట్టు మీదే ఉన్నాం. చుట్టూ ఇసుక ఎడారి, మధ్యలో ఒక్క మడుగు. అందులో పెరిగే జమ్ము కోసి చాపలు అల్లితేనే మాకు పూట గడిచేది. ఆ జమ్ములో ఓ రకం బుల్లికొంగలుండేవి. జమ్ముకొంగ అంటాం. అలికిడైతే అది ఎగిరిపోదు. ముక్కు ఆకాశానికెత్తి బిగుసుకుపోతుంది, జమ్ము ఊగితే తనూ ఊగుతుంది. అలా డేగ కళ్లు కప్పగలదు గానీ నిప్పుకు కళ్లెక్కడివి? బూడిదలో అవి నిలబడ్డచోటే దొరికాయి.

మడుగుకొచ్చే కాలవకు కాంట్రాక్టరు కట్ట వేసి, నీళ్లన్నీ తన తోటలకు మళ్లించుకున్నాడు. ఇప్పుడు మడుగునీ తోట చేస్తాడట. ఆ సాయంత్రం చాపల పాకలో అందరం కూర్చున్నాం.

"గమ్మునుందాం," అన్నాడు మా చాపల పని చూసే మేస్త్రి అన్న. "తూర్పు జమ్ము మనకొదిలేస్తానన్నాడు. పెద్దోళ్లతో గొడవెందుకు?"

"వాడి మాట నీటి మీద రాత," అంది పెద్దమ్మ. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. "అందరం పోయి కట్ట తెంచుదాం."

"తెంచితే ఊరుకుంటారా? జైల్లో తోస్తారు," అన్నాడు అన్న.

మిగతావాళ్లం తలలొంచుకుని చాపలు అల్లుతూనే ఉన్నాం. పెద్దమ్మ మా అందరి మొహాలూ చూసింది. "కదలకపోతే కనపడం అనుకుంటున్నారు. ఆ పిట్టా అలాగే అనుకుంది," అని లేచి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే వాళ్లు తూర్పు జమ్ముకూ నిప్పు పట్టుకొచ్చారు. పెద్దమ్మ కొడవలి పట్టుకుని నేరుగా జమ్ములోకి నడిచింది. లోపల మనిషుందని గొంతు చించుకున్నాం. "పొగ తగిలితే ముసల్ది తనే బయటికొస్తుంది," అన్నాడు కాంట్రాక్టరు, కారు దిగకుండానే.

పెద్దమ్మ బయటికి రాలేదు.

ఆవిడ అల్లిన చాపలోనే ఆవిణ్ని చుట్టి తెచ్చాం. మట్టి చేసి తిరిగొస్తుంటే మేస్త్రి అన్న ఇంటిదారి పట్టలేదు. గొయ్యి తవ్విన పార భుజాన వేసుకుని కాలవ వైపు మళ్లాడు. "ఆ రోజు నేనే ఆపాను," అన్నాడు. వెనకే అందరం నడిచాం. అవే పారలతో కట్ట తవ్వాం. పోలీసుల లాఠీలు దిగేసరికి గండి పడింది, నీళ్లు మడుగు దారి పట్టాయి. అన్ననీ నన్నూ ఇంకొందరినీ వ్యానులో కుక్కి జైలుకు తోలారు.

కొన్నాళ్లకు అన్న భార్య నన్ను చూడ్డానికొచ్చింది. బట్టలు నడుం దాకా తడిసున్నాయి.

"జమ్ము వేళ్లు చావలేదే. అప్పుడే జానెడెత్తు లేచింది," అంది. "ఓ కొంగ కూడా వచ్చింది."

"అంత పొట్టి జమ్ములో ఎక్కడ దాక్కుంటుంది వదినా?"

"ఎక్కడా దాక్కోదు. ముక్కెత్తుకుని నిలబడుతుంది పిచ్చిది, అందరికీ కనపడుతూ." కళ్లు తుడుచుకుంది. "గండి పూడ్చడానికి వాడు మళ్లీ మనుషుల్ని పంపాడు."

"మరి?"

"ఆడవాళ్లం గండిలో దిగి నిలబడ్డాం. కొట్టారు. మేమూ కదల్లేదు." ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకుని వెంటనే వదిలేసింది. "నా చోట్లో మా అమ్మని నిలబెట్టొచ్చాను. తొందరగా పోవాలి."