వేరుపిలక

కాశిబుగ్గలో కిరాణా వ్యాపారం చేసుకునే అన్నదమ్ములు వెంకట్రాజం, పాండురంగం డెబ్బై ఎనిమిదిలో వేరుపడి, ఇంటి మధ్య గోడ పెట్టుకున్నారు. పెరట్లోని కరివేపాకు చెట్టు సంగతి పంపకాలు చేసిన పెద్దమనుషులకు గుర్తే రాలేదు. అది తమ్ముడి వైపు పడింది.

ఆ చెట్టును పెంచింది వెంకట్రాజం భార్య సోమక్క. కాపురానికొచ్చిన కొత్తలో పాలకుర్తిలోని పుట్టింటి నుంచి వేరుపిలకను తడిగుడ్డలో చుట్టి తెచ్చి నాటింది. పుల్లమజ్జిగ పోస్తూ, చివర్లు తుంచుతూ గుబురుగా పెంచింది.

గోడ లేచాక పాండురంగం భార్య రాజేశ్వరి రోజూ రెండు రెమ్మలు తెంపి గోడమీద పెట్టేది. సోమక్క ముట్టేది కాదు. అవి అక్కడే ఎండిపోయేవి. కొన్నాళ్ళకు రాజేశ్వరి మానుకుంది. సోమక్క పోపులో కరివేపాకు వేయడమే మానేసింది. భర్త బజారు నుంచి తెచ్చినా వాడేది కాదు.

మూడో ఏడు ఎండాకాలంలో పాండురంగం సరుకుల గది కట్టాలనుకున్నాడు. చెట్టు అడ్డమన్నాడు. రాజేశ్వరి ఎంత చెప్పినా వినలేదు. ఆమె ఒక పిలకను పెరికి, వీధి తిరిగి సోమక్క ఇంటికి వెళ్ళింది. గోడ పెట్టాక ఆ గడప తొక్కడం అదే మొదలు.

సోమక్క పిలకను తిప్పి చూసింది. వేరు తెగిపోయి ఉంది.

“ఇది బతుకది,” అంది.

“నాకు తవ్వొస్తలేదక్కా. నువ్వే రా. రేపు పొద్దుగాల చెట్టు కొట్టేటోళ్ళు వస్తాండ్రు.”

సోమక్క ఆ పిలకను పక్కన పెట్టింది. తర్వాత గడ్డపార అందుకుంది.

తన ఇంటి అరుగుమీద ఉన్న పాండురంగం వదినను చూసి లేచి నిలబడ్డాడు. బయటికి వెళ్ళిపోయాడు. తోడికోడళ్ళిద్దరూ తల్లిచెట్టు వేర్ల వెంట మట్టి తీస్తూ, మూడు పిలకల్ని మట్టిగడ్డలతో సహా పైకెత్తారు. రాజేశ్వరి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

“మనమేం జేసినమక్కా?”

“గోడ మనం పెట్టలే. కానీ నువ్వు పెట్టిన ఆకును ఎండబెట్టింది నేనే,” అంది సోమక్క, మట్టిచేత్తోనే ఆమె భుజం పట్టుకుని.

మర్నాడు చెట్టు కూలింది. ఆ వాసన సాయంత్రందాకా రెండిళ్ళలోనూ నిలిచింది. సోమక్క తన పెరట్లో నాటిన పిలకల్లో రెండు ఎండకు వాడిపోయాయి. ఒకటి తొలకరికి చిగురేసింది.

అన్నదమ్ములు చివరిదాకా మాట్లాడుకోలేదు. ఆ మొక్క ఎదిగాక మాత్రం రాజేశ్వరి ఎప్పుడు కావాలన్నా వచ్చి తెంపుకునేది. సోమక్క ఇంట్లో లేకపోయినా ఎవరినీ అడిగేది కాదు.